రెండు, రెండూ

సీటు కింద పలక తీస్తే
అరచేతంత ఎర్ర బిళ్ళ.
దాని మీది ఇంగ్లీషు అక్షరాలు
డీజిలు చేతులకు ఎప్పుడో అరిగిపోయినయి.
ఖుద్దూస్ భాయ్ తన బిడ్డ గోళ్ళరంగు తెచ్చి
నాలుగు చుక్కలు పెట్టిండు:
ఒకటి. రెండు. రెండూ. ఆఫ్.

రాణిగంజ్‌ల ఆయన బ్యాటరీల దుకాణం.
యాసిడ్ చుక్కలకు జల్లెడైన లుంగీ.
ఆయన "దో" అనేటోడు, "దోనో" అనేటోడు.
ఆయన భాషల ఒక్క అక్షరం తేడా,
నా భాషల ఒక్క దీర్ఘం.

"ఒకటి ఇంజనుది, దాన్ని దాచుకో.
రెండు పాటలది, బుగ్గలది,
ఫోన్లు చార్జింగ్ పెట్టుకునేటోళ్ళది.
రెండూ అంటే మాత్రం జాగ్రత్త బాబూ.
ఇంజను నడుస్తుంటే రెండూ తాగుతయి.
ఆగినంక మరిచినవనుకో,
నిండుది పోయి ఉత్తదాంట్ల ఒంపుకుంటది,
తెల్లారేసరికి రెండూ ఉత్తయే."
నడిచే ఇంజను మీద ఆఫ్‌కు పోవద్దని కూడా చెప్పిండు:
పుట్టిన కరెంటుకు పోయే జాగ లేక
డైనమో లోపలి నుంచి కాల్తదట.
నేనొకటి కాల్చినంకనే నమ్మిన.
మూడు నెలలు జీతంల కోసిండ్రు.

మొన్న శనివారం మల్కాజ్‌గిరోళ్ళ పుట్టినరోజు.
ఇరవైరెండు మంది, బీరువంత స్పీకరు.
హుస్సేన్ సాగర్ నడిమిట్లకు రాంగనే
కేకుకు డీజిలు వాసన పడుతున్నది,
ఇంజను బంద్ చెయ్యమన్నరు.
చేసిన.
"లింబాద్రీ, రెండు పెట్టు" అన్న.
ఆ మోతల పిలగాడు ఏం విన్నడో.

గంటన్నర.
పాటలైనయి, కేకైంది,
ముఖాలకు పూసుకున్నదీ అయింది.
తాళంచెవి తిప్పితే
టిక్.
మళ్ళ తిప్పితే
టిక్.
బుగ్గలు ఆరిపోయే పొయ్యిల నిప్పుల లెక్క ఎర్రబడ్డయి.

పలక తీసి చూస్తే
ముల్లు దీర్ఘం మీద ఉన్నది.

లింబాద్రిని తిట్టలే.
పంతొమ్మిదేండ్ల పిలగాడు.
అరిచి చెప్పేటప్పుడు మాట చివర
తోక నేనే సాగదీసిన్నో ఏమో.

"లైట్లు బంద్, పాట బంద్,
పది నిమిషాలు ఎవ్వరేమీ ముట్టొద్దు" అన్న.
ఆఫ్.
చీకటి మా ఒక్కల మీదనే పడ్డది.
చుట్టూ పట్నమంతా వెలుగుతనే ఉన్నది,
నెక్లెస్ రోడ్డు మీద హెడ్‌లైట్ల బారు,
బుద్ధుని కాళ్ళకాడ రంగులు మారే నీళ్ళు.
ఎవరో "అయిపాయె మన పని" అని నవ్విండు,
ఇంకెవ్వరూ నవ్వలే.
కొంగు ముక్కుకు పెట్టుకున్న ముసలామె
"ఇసొంటి నీళ్ళల్ల గూడ చేపలు ఎగురుతున్నయే" అన్నది.
పుట్టినరోజు పిల్ల అడిగింది,
"బ్యాటరీ పండుకున్నదా?"
ఊపిరి తీసుకుంటున్నదమ్మా అన్న.
అది ఖుద్దూస్ భాయ్ మాట.

ఫోను వెలుగుల వంగి
టెర్మినళ్ళ మీది పచ్చబూజు గీకిన,
కేకు కోసిన ప్లాస్టిక్ చాకుతోటి.
పది నిమిషాలు.
ఎందుకైనా మంచిదని ఇంకో రెండు.

అప్పుడు "రెండూ" అన్న,
దీర్ఘం బాగ లాగి, లింబాద్రికి ఇనపడేటట్టు.
వాడే తిప్పిండు.
చాలని ఒకటి, చాలని రెండు,
కలిపితే ఒక్క దమ్ము.
ఇంజను దగ్గింది, నల్లగ ఉమ్మింది,
పట్టుకున్నది.

స్పీకరు పెట్టమన్నరు. పెట్టలే.

ఖుద్దూస్ భాయ్‌కి ఫోను చేద్దామని
పేరు దాకా పోయి ఆగిన.
ఆ దుకాణంల ఇప్పుడు మొబైల్ కవర్లు అమ్ముతున్నరు.
నంబరు మాత్రం తీసెయ్యలేదు.

రాత్రి మెలకువొచ్చింది.
ఆఫ్ చేసిన్నా?
చేసిన. చేసిన్నా?
భోలక్‌పూర్ నుంచి సైకిలు తొక్కుకుంట వస్తే
వాచ్‌మన్ తిట్టుకుంట గేటు తీసిండు.

పడవల లింబాద్రి కూసున్నడు,
చెప్పులు ఒడ్డు మీద విడిచి.
"ఆఫే ఉన్నదన్నా," అన్నడు,
"రెండుసార్లు చూసిన."

అయినా పలక తీసిన.