గాజుకి తరుగు లేదు

బండంటే ఉత్త బండి కాదు మాది.
రావులపాలెం షెడ్డులో పాత ట్రక్కుకి
ఇనప కమానులు వేయించి, పైన రేకు కప్పించి,
పక్కకో కిటికీ కోయించి
నాలుగేళ్ళుగా అందులోనే వండుకుని అందులోనే తొంగుంటన్నాం.
కోతైన చేనల్లా మా ఊరే.
బాతులు ముందు, ట్రాక్టరు వెనక, దాని వెనక మా ఇల్లు.

దాళ్వా కోతలైపోయిన వైశాఖం.
బెండమూర్లంక కాలవ గట్టు మీద ఆపుకున్నాం.
రెండో జాములో ఈదురుగాలి లేచింది.
మొవ్వు కుళ్ళిన కొబ్బరిచెట్టొకటి
ఇన్నాళ్ళూ మాకోసమే నిలబడ్డట్టు
సరిగ్గా నడుం మీద పడింది.
మా నడుం కాదు, ఇంటి నడుం.
నేను చెయ్యి అడ్డం పెట్టేనంట.
చెట్టుకి చెయ్యి అడ్డమా అని
మా ఏగేశ్వర్రావు ఇప్పటికీ నవ్వుతాడు.
నవ్వినోడు ఆ రాత్రి నెత్తిన బొప్పితో
బురదలో బా, బా అంటా తిరిగేడు.

నాలుగొందల పన్నెండుండాలి.
తెల్లారి లెక్కెడితే తొంభై.
మిగతావి పిల్లకాలవల్లో, బోదెల్లో,
ఎవరిదో రొయ్యల చెరువులో కూడాను.
చెరువాయన కర్ర పట్టుకునొచ్చేడు.
రెండ్రోజులు ఏరుకున్నాం.
మూడోనాటికి గాని బీమా గుర్తు రాలేదు.

అమలాపురం నించి సర్వేయరొచ్చేరు, సత్యానందం గారని.
గట్టు మీద బురద చూసి చెప్పులు విప్పి చేత్తో పట్టుకున్నారు.
"కబురు ఆలస్యంగా చేశారేం?"
"బాతులు ఏరుకున్నామండి."
రాసుకున్నారు. ఏం రాసుకున్నారో.
"బండి దేనికి వాడతారు?"
"ఉండటానికండి."
కలం ఆగింది.
ఏగేశ్వర్రావు నా కాలు తొక్కేడు.

కాగితంలో వ్యవసాయ ట్రెయిలరని ఉందంట.
వ్యవసాయ ట్రెయిలర్లో పొయ్యి ఉండకూడదంట.
దేవుడి పటం ఉండొచ్చో లేదో ఎవరూ రాయలేదంట.
ఇల్లయితే ఇంటి పాలసీ ఉండాలి,
పాలసీకి ఇంటి నంబరుండాలి,
నంబరుకి పంచాయితీ ఉండాలి,
పంచాయితీలో మేం ఒక్కచోటుండాలి.
ఒక్కచోటుంటే, బాబుగారూ, బాతులేం తింటాయి?

చెడ్డాయన కాదు.
వంగిన కమాను టేపు పెట్టి కొలిచేరు,
సొట్టకీ సొట్టకీ మధ్య ఎడం కూడా కొలిచేరు.
మా చాప మీద కూచుని తరుగు లెక్క విప్పి చెప్పేరు.
రబ్బరుకీ ప్లాస్టిక్కుకీ సగానికి సగం కోత.
ఫైబరుకి వందకి ముప్పై.
ఇనుముకి వయసుని బట్టి, మనిషికి మల్లే.
"గాజుకి మాత్రం తరుగు లేదమ్మా,
ఎంత పాతదైనా కొత్త ఖరీదే."

నేను చెయ్యి చాపేను.
మోచేతి దాకా పొక్కులు కట్టిన గాట్లు. మణికట్టు బోసి.
"పన్నెండండి. అంబాజీపేటలో వేయించుకున్నాను.
అన్నీ ఆ రాత్రే పోయేయి.
అదీ గాజేనండి."

ఆయన నవ్వుతారనుకున్నాను.
నా చెయ్యి చూసేరు, కాగితం చూసేరు.
గాజు అన్న గడిలో
కిటికీ అద్దం ఒకటి, అని ముందే రాసుంది.
దాన్ని కొట్టెయ్యలేదు. పక్కన ఏదీ చేర్చలేదు.
కలానికి మూత పెట్టి
"కాసిని మంచినీళ్ళిస్తారా" అన్నారు.

ఆషాఢంలో డబ్బొచ్చింది.
అడిగినదాంట్లో మూడో వంతు,
అద్దానికి మాత్రం పూర్తిగా.
కమాను నిలబెట్టించేం. ఒక సొట్ట పోలేదు,
వానొస్తే అందులో నీళ్ళు నిలిచి
రాత్రంతా నెత్తి మీద చెరువు పెట్టుకు తొంగున్నట్టుంటది.

పుష్యమాసంలో పాలసీ తిరగరాయించడానికి
ఏజెంటు కుర్రాడు గట్టెక్కి వస్తన్నాడు.
కూరింకా ఉడకలేదు.
గిన్నె దించి, పొయ్యార్పి, బొంత కప్పేసి,
దాని మీద నేనే కూచున్నాను.
"బండి దేనికండి?"
"వ్యవసాయం," అన్నాడు ఏగేశ్వర్రావు, తడుముకోకుండా.
బొంత మాడు వాసనొస్తంది.
కుర్రాడు ముక్కెగబీల్చి అటూ ఇటూ చూసేడు.
"చేలో దుబ్బులు కాలుస్తన్నారు బాబూ," అన్నాను,
కదలకుండా.