ఎత్తద్దు

నా ఫోన్ల పేర్లన్ని నా బిడ్డ రాసినయే.
నాకు చదువు రాదని కాదు,
సిమెంటు తిని తిని బొటనేలి గీతలు అరిగిపోయినయి,
ఒకటి ఒత్తితె ఇంకోటి పడ్తది.

పోయిన ఎండకాలం దాన్ని పక్కన కూసోవెట్టుకొని చెప్పిన:
ఇనుప దుకాణం సేటు,
సెంట్రింగు రేకులు కిరాయికిచ్చిన సాయిలు,
బండి ఫైనాన్సు పిల్లగాడు,
ఆ పిల్లగాని మీద ఉన్న పెద్దాయన.
"గిన్ని పేర్లెందుకు నాయినా" అన్నది.
టకటక కొట్టింది:
ఎత్తద్దు ఒకటి. ఎత్తద్దు రెండు.
ఎత్తద్దు మూడు. ఎత్తద్దు నాలుగు.

ఇరవై రెండేండ్ల సంది ఎత్తుడే నా పని.
బాదేపల్లిల ఏ బంగ్లనన్న సూడు,
కంకర గంపలు మూడో అంతస్తుకు ఎత్తిచ్చినోణ్ని,
స్లాబు పడే దినం
ఎత్తు, ఎత్తు, ఎత్తు అని గొంతు పోయేదాక ఒర్లినోణ్ని.
అరచేతంత అద్దం,
బరువా ఏమన్ననా,
గదొక్కటి ఎత్తలేకపోతున్న.

సైలెంటుల వెట్టినా అంగి జేబుల
ఎలుకపిల్ల లెక్క కదులుతది.
పిట్టగోడ మీద పెడితె గర్రుమని గోడంత పాకుతది.
పేరు లేని నంబరు వస్తె ఇంకో తిప్పలు:
ఇల్లు కట్టుకునేటోళ్లేమో, పని దొర్కుతదేమో.
ఆశకు, భయానికి ఒక్కటే గంట.
మూడుసార్లు మోగనిస్త.
అప్పులోడైతె మల్ల చేస్తడు,
పనిచ్చేటోడు ఇంకో మేస్త్రికి చేస్తడు.
గిట్ల రెండు స్లాబులు పోగొట్టుకున్న.

నాకు బాకీ ఉన్నోడు ఒకడున్నడు, ఊశన్న.
దసరాకు పదకొండు వేలు అడ్వాన్సు తీస్కొని
పోలేపల్లి దిక్కు వేరే మేస్త్రి కింద పడ్డడు.
నేను జేస్తె కుర్మూర్తి సామి పాట మొదలైతది,
పాట అయిపోతది,
ఊశన్న రాడు.
ఇప్పుడు ఆ పాట నాకు నోటికొచ్చు.

మొన్న బేస్తారం, రైలు గేటు కాడి చాయ హోటల్ల దొర్కిండు.
నన్ను సూడలే.
ఫోను బల్ల మీద చార్జింగుకు పెట్టి
గోలెం కాడ మొఖం కడుగుతున్నడు.
నాకేం బుద్ధి పుట్టెనో,
ఆడనే నిలవడి రింగిచ్చిన.

అద్దం వెలిగింది.
ఎత్తద్దు రెండు.

చాయ పోసేటామె నవ్విందో లేదో సూడలే.
అచ్చం నా బిడ్డ రాసినట్టే.
వానింట్ల కూడ ఒక పిల్ల ఉన్నది గావొచ్చు.
తిట్లు నోటిదాక వచ్చినయి,
వాటికంటె ముందుగాల ఒక అనుమానం వచ్చింది:
రెండు నేనైతె, ఒకటెవడు?
నాకంటె వానికే ఎక్కువ భయపడ్తడా వీడు?
వాడు సుత ఏడనో గోడ పక్కన నిలవడి
ఇదే పాట ఇంటున్నడా?

కట్ జేసిన.
వాడు తువ్వాలతోటి మొఖం తుడుసుకునే లోపల్నే
రోడ్డు దాటిన.
పదకొండు వేలు మాఫీ జేసిన్నని ఎవడన్న అంటె తంత.
ఆ పొద్దు అడగబుద్ధి కాలే, గంతే.

రాత్రి తొమ్మిదింటికి ఎలుకపిల్ల కదిలింది.
ఎత్తద్దు మూడు.
ఫైనాన్సు పిల్లగాడు,
ఇంత పొద్దువొయినా డ్యూటీలనే ఉన్నడు.
బిడ్డ హోంవర్కు ఇడిసి నా దిక్కు సూసింది.
ఎత్తిన.

అటు దిక్కు మాట లేదు.
ఫ్యాను తిరుగుతున్న సప్పుడు,
పక్కపొంటి ఇంకెవలో ఇంకెవలి మీదనో ఒర్లుతున్నరు.
నేను ఎత్తుతనని అనుకోలే వాడు,
చెప్పాల్సిన మాటలు తయారు లేవు.
శానసేపటికి, మెల్లగ,
"అన్నా, ఎత్తినవా?" అన్నడు.
ఆ, ఎత్తిన.
ఇగ ఏం మాట్లాడాల్నో ఇద్దరికీ తెల్వక
జరసేపు ఫోన్లు అట్లనే పట్టుకొని కూసున్నం.