ఎదురెండ

"పొద్దుని వీపుకి కట్టుకోవాలి" అనేవాడు కల్లీబెక్.
ఫొటో పాఠమంతా ఆ ఒక్క మాటే.
ముప్పై ఏళ్లు చేపల ఫ్యాక్టరీ గేటు ముందు
ఆడవాళ్లని తూర్పుకి తిప్పి నిలబెట్టాడు.
వాళ్లు కళ్లు చికిలించారు.
ఆయన నీడ సాగి వాళ్ల కాళ్ల దాకా వచ్చింది.
ఆఫీసు గోడ మీద అన్ని ఫొటోల్లోనూ
ముందు వరస ఆ నీడదే.

ముయ్‌నాక్‌లో ఇప్పుడు ఫ్యాక్టరీ లేదు.
సముద్రమూ లేదు.
ఊరి చివర గట్టు దిగితే
గవ్వలు, ఉప్పు, ఇసకలో కూరుకున్న ఓడలు,
ఓడల చాటున నెమరేసే ఆవులు.

నాకప్పుడు పదహారేళ్లు, ఆయన పెట్టె మోసేదాన్ని.
జూన్ నెల, ఒక సాయంత్రం, ఎందుకో
ఆయన వెనక్కి తిరిగాడు.
జెనిత్ కెమెరాని నేరుగా పొద్దు ముఖానికెత్తి,
"టోపీ పట్టు, జుమాగుల్."
ఆయన గొర్రెతోలు టోపీ, చెమట వాసన.
లెన్సు మీదుగా అడ్డం పట్టుకున్నాను,
నిద్రపోతున్న పసిదాని కళ్లకి
చెయ్యి అడ్డం పెట్టినట్టు.
"ఇంకాస్త కిందకి. నీ వేలు పడుతోంది."
తీశాను.
"పోనీలే, పడనీ."

అద్దంలోంచి చూడకు, కళ్లు పోతాయన్నాడు.
తను మాత్రం చూశాడు.

ఎర్ర బల్బు కింద, తొట్టిలో
కాగితం మీద మెల్లగా తేలింది.
ఓడలు కత్తిరించిన నల్లగుడ్డ ముక్కలు.
తుప్పు లేదు, చిల్లుల్లేవు,
కుర్రాళ్లు సుద్దతో రాసిన పేర్లు లేవు.
ఇక నేల మీద ఉప్పు,
ఏం చెప్పను, అది ఉప్పులా లేదు.
ఈ అంచు నుంచి ఆ అంచు దాకా తళతళ,
గాజులోపల దొర్లిన వెలుగుచుక్కలు
చేపగుడ్ల దండలా ఏటవాలుగా,
మూలన మసగ్గా నా వేలు.

ఎదురింటి ఒరాజ్‌బాయ్ తాతకి చూపించాను.
వల పేని పేని వంకరపోయిన వేళ్లతో
అంచులు పట్టుకుని, "ఏ ఏడాదిది?" అన్నాడు.
నేను నోరు విప్పలేదు.
"ఇదుగో, ఇక్కడ లోతెక్కువ. కార్ప్‌లు పడేవి."
వేలు పెట్టింది మా ఆవుని కట్టేసే చోట.
"మొన్న శుక్రవారం తీశాను" అన్నాడు కల్లీబెక్.
తాత ఫొటో తిరగేశాడు,
వెనక తెల్లకాగితాన్ని కాసేపు చూశాడు,
మళ్లీ తిప్పాడు.
"అయితే మాత్రం?" అన్నాడు.

ఆ వేసవంతా ఎదురెండే.
ఆకులు రాలే వేళకి కెమెరా లోపలి తెర కాలింది,
నల్లగుడ్డలో సూదిమొనంత కంత.
బాగుచేసేవాడు తాష్కెంట్‌లో ఉన్నాడు,
డబ్బు ఎక్కడా లేదు.
అప్పట్నుంచి ఏది తీసినా
అందులో ఒక చిన్న పొద్దు:
పెళ్లికూతురు బిబిఆయ్షా ముసుగు మీద,
మంచు రోజున ఒంటె మూపురం పక్కన,
దరఖాస్తు ఫొటోలో ఎవరిదో చెవి కింద.
"ఈ మరకేమిటి?" అని ఆఫీసు నుంచి తిరిగొచ్చింది.
కల్లీబెక్ వెనకాలే రాసి పంపాడు:
"మరక కాదు, వడ్డీ."

ఆయన కుడికంటి సంగతి నాకు చాన్నాళ్లకి తెలిసింది.
నెగెటివ్‌లో పొద్దు నల్లగా ఉంటుంది కదా, అన్నాడు,
కంట్లోనూ అంతే.
"సూటిగా చూసిన చోటే ఏమీ ఉండదు.
చుట్టూ మాత్రం అన్నీ ఉంటాయి."
చెప్పి నవ్వాడు. టీ చల్లారిపోయింది.
నా ముఖం చూడ్డానికి ఆయన
నా భుజం వైపు చూసేవాడు.

ఇప్పుడు జీపుల్లో జనం వస్తారు,
ఓడ మీద చెయ్యేసి నిలబడతారు,
ఫొటో తియ్యమని నాకే ఫోన్ ఇస్తారు.
వెలుతురు వెనకుంది, ముఖాలు నల్లగా వస్తాయంటారు,
ఇటు తిరగమంటారా అంటారు.
అక్కర్లేదంటాను.
ఎడంచెయ్యి దానంతటదే లేచి
పొద్దుకి అడ్డం నిలబడుతుంది.
వేలు పడుతోంది, తెలుసు.