ఉప్పునీళ్ళ గుంపు

మీరాలం మండీలో వావిలాకు కట్ట పదిహేను.
ముప్పై కట్టలు అడిగితే
"ఎవలింట్ల బాలింత, బిడ్డా?" అందామె.
ఎలుకలకి, అన్నాను.
కొత్తిమీర అమ్మే ముసలాయన కూడా ఇటు తిరిగి చూశాడు.

నీడన ఆరబెట్టి, దంచి,
సాక్స్‌లెట్ గొట్టంలో మూడు రోజులు తిప్పితే
గిన్నె అడుగున ఆకుపచ్చ జిగురు.
నూట ఎనభై గ్రాముల పొడికి పదకొండు.
వాసనకి మాత్రం నోట్‌బుక్‌లో గడి లేదు;
తార్నాక బస్సులో నా పక్క సీటు
ఉప్పల్ దాకా ఖాళీగానే వస్తోంది.

పొద్దున ఎలుక పాదంలోకి సూదితో వాపు ఎక్కిస్తాం.
మడమ మీద సిరాగీత. గీత దాకా పాదరసంలో ముంచాలి.
పాదం, పాదరసం:
ఈ పేరు పెట్టినవాడు మా ల్యాబుకి వచ్చి ఉండడు.
ఎంత లేస్తే అంత నొప్పి.
నొప్పి అని రాయకూడదు,
మిల్లీలీటర్లు.

మొదటి గుంపుకి ఉప్పునీళ్ళే.
"అవేం పాపం జేసినయి మేడం, వాటికీ ఇంత పోయరాదు?"
బోన్లు కడుగుతూ ఓదెలు.
వాటికి పోయకపోతేనే కదా
మిగతావాటికి తగ్గిందని తెలిసేది, అంటాను.
తలూపుతాడు. ఒప్పుకున్నట్టు కాదు.
పదిహేడేళ్ళు ఫినాయిల్ నీళ్ళలో నానిన చేతులు,
కణుపు కణుపునా అల్లం కొమ్ములు.

మధ్యాహ్నం నిద్ర వంతు.
మందిచ్చి వెల్లకిలా పడుకోబెడతాం.
బోర్లా తిరగలేదా, నిద్రపోయినట్టు లెక్క.
గడియారం నొక్కి కూర్చుంటాను.
ఆకు తాగినవి ఇరవై రెండు నిమిషాలు ఎక్కువ పడుకున్నాయి.
ఉప్పునీళ్ళవి ఎప్పుడో లేచి
బోను మూలలు వాసన చూస్తున్నాయి.

డబ్బాలో మిగిలిన ఎండాకు
ఓదెలు పేపర్లో పొట్లం కట్టుకున్నాడు.
"పారేసేదే గద."
తూకం వెయ్యలేదు నేను. చూడనట్టు ఫ్యాను ఆపాను.

మర్నాడు ముందు అతని వేళ్ళే చూశాను.
అల్లం కొమ్ములు అల్లం కొమ్ములే.
నిద్ర?
"మస్తు వట్టింది మేడం. తెల్లారి నల్లా వచ్చింది గూడ ఎరుక లేదు.
ఆకు మయిమనో, నిన్నటి డ్యూటీ మయిమనో!"

నాకూ తెలియదు.
ఆకు కాచుకోని ఓదెలు ఇంకొకడుంటే
పక్కపక్కన పెట్టి చూసేదాన్ని.

అతనప్పుడే కొత్త ఎలుకల తోకల మీద
పచ్చగీతలు పెడుతున్నాడు:
ఒకటి, రెండు, మూడు.
గీత లేనిదాన్ని మాత్రం
కాసేపు అరచేతిలోనే ఉంచుకున్నాడు.