అరగంట నిటారుగా

ఆదివారం ఆరున్నరకి మాత్ర.
గ్లాసెడు మంచినీళ్ళు, ఉత్త కడుపు.
ఆపైన అరగంట పడుకోకూడదు, వంగకూడదు,
నోట్లో ఏదీ వేసుకోకూడదు.
డండీలో ఫిబ్రవరి. కిటికీ అవతల ఇంకా రాత్రే.
నిటారుగా నిలబడి ఏం చేయను?
మూకుడు పెట్టి నువ్వులు వేయిస్తాను.

పొట్టు తీయనివి, పాత ఇత్తడి రంగువి.
"తెల్లవి చూడ్డానికి బాగుంటాయి, నీకు ఇవి" అన్నాడు
కొట్టు నిజార్, నా చేతికట్టు చూసి.
వాళ్ళమ్మ అలెప్పోలో వీటిని నూరి
రొట్టెకి పూసేదట. నేను బెల్లం అన్నాను.
అతను ఖర్జూరం అన్నాడు.
ఎవరి మాట మీద వాళ్ళం ఉండిపోయాం.

డిసెంబరులో హిల్‌టౌన్ వాలు మీద జారాను.
మంచు కూడా కాదు, నల్లగా పేరిన నీటి అద్దం.
చేతిలో పాల సీసా పగిలింది, మణికట్టు విరిగింది.
ఆ పాలు నాకు కాదు, కింది ఇంటి ఎల్స్‌పెత్‌కి.
పాలు నాకు పడవు.

ఎముకలు కొలిచిన కుర్రాడు తెర ఇటు తిప్పాడు.
ఆకుపచ్చ, పసుపు, ఎరుపు పట్టీలు.
ఎరుపులో ఒక చుక్క, గింజంత.
వేలు పెట్టి చూపించి, "ఇది నువ్వు" అన్నాడు, వాళ్ళ భాషలో.
మా భాషలో అయితే ఎంత సరిగ్గా చెప్పాడో
పాపం అతనికి తెలీదు.

పన్నెండో ఏట చాప మీద కూర్చోబెట్టి
పదకొండు రోజులు చిమ్మిలి పెట్టారు.
దంచుతుంటే రోకలి నూనెతో మెరిసేది,
ఉండ పట్టుకుంటే అరచెయ్యి జిడ్డు.
"తిను, నడుం గట్టిపడుద్ది" అనేది పెద్దత్త.
నాలుగు తిని, తక్కినవి కిటికీలోంచి
పొరుగు మేకకి వేశాను.
దాని నడుం ఎలా ఉండేదో గాని
అది గోడలు దూకేది.

నెత్తురు మొదలైతే నా నడుం గురించి
అంతమంది ఆలోచించారు.
నలభై తొమ్మిదికి అది ఆగిపోతే
చాప వేసినవాళ్ళు లేరు.
నేనూ చెప్పలేదు.
నోట్లో నువ్వుగింజ నానదని పేరు పడ్డదాన్ని,
ఇదొక్కటీ మూడేళ్ళు నానబెట్టాను.

ఇప్పుడు లెక్కలు వచ్చాయి.
పెద్ద చెంచాడుకి ఎనభై చిల్లర మిల్లీగ్రాముల కాల్షియం,
అదీ పొట్టుంటేనే. పొట్టే మళ్ళీ కొంత పట్టి ఉంచుతుంది.
నాకు రోజుకి వెయ్యి కావాలన్నారు.
ఇనుముంది, జింకుంది, మెగ్నీషియముంది,
కానీ నమలకుండా మింగితే
వచ్చిన దారినే పోతాయి.
అందుకే వేయించడం, అందుకే పొడి కొట్టడం.
మందు మందే. ఇది దానికి పక్కవాయిద్యం.

పాట అందరికీ పడదు.
ఎల్స్‌పెత్ మనవరాలు ఫ్రేయాకి ఆరేళ్ళు.
ఒక్క గింజ తగిలితే గొంతు వాస్తుంది.
బిస్కెట్ పొట్లం మీది అక్షరాలు
ముసలమ్మ భూతద్దం పెట్టి చదువుతుంది,
సూది సంచి తలుపు కొక్కేనికి ఉంటుంది.
నన్ను నిలబెట్టే గింజే ఆ పిల్లకి ఊపిరాపేస్తుంది.
ఆమె వచ్చే శనివారాలు
నువ్వులకే తిలోదకాలు నా ఇంట్లో.
చేతులు, గట్టు, మిక్సీ మూత, తలుపు గుబ్బ,
సబ్బుతో రెండేసి సార్లు.

ఆరూ యాభై రెండు.
మొదటి చిటపట. వాసన గోడలెక్కి
నోరూరిస్తోంది, తినకూడదు.
మంట తగ్గించాను. ఇంకో నిమిషమైతే చేదెక్కుతాయి,
ఇది మాత్రం పెద్దత్త చెప్పకుండానే తెలిసింది.

ఒక గింజ మూకుడులోంచి ఎగిరి
నేల మీద, ఫ్రిజ్ పక్కన పడింది.
వంగకూడదు.
చూపు తిప్పితే మళ్ళీ దొరకదు,
దొరక్కపోతే శనివారం ఒకటుంది.

ఇంకా ఎనిమిది నిమిషాలు.
నిటారుగా నిలబడి
కాపలా కాస్తున్నాను దానికి.