పంపుషెడ్డు అరుగు

హాస్టల్ గదిలో నలుగురం.
ఒకతె ఫోనులో పెళ్లివాళ్లతో,
ఒకతె తలకి నూనె రాసుకుంటూ పాటలతో,
ఇంకొకతె నెలరోజులుగా ఒకే సూట్‌కేసు జిప్పుతో.
నేనడిగింది పెద్దదేం కాదు,
గంటసేపు నన్నెవరూ చూడని ఆకాశం.

బరంపురంలో ఆకాశానికి కొదవ లేదు.
కూర్చునే చోటుకే.

మొదట గోపాలపురం వెళ్లాను, ఆదివారం, బస్సులో నిలబడి.
సముద్రం బాగానే ఉంది.
దాని ముందు మొక్కజొన్న బళ్లు, ఒక గుర్రం,
గుర్రం కంటే ఎక్కువ సకిలించే బేరగాడు,
మెడలో కెమెరాతో ఒక కుర్రాడు:
"ఫొటో, దీదీ? రెండో మనిషేరీ?"
చెప్పులు చేతపట్టుకుని వచ్చేశాను.
మూడు రోజులు
సంచీ అడుగున ఇసక గరగరమంటూనే ఉంది.

ఊళ్లో పార్కుకి వెళ్లాను.
పొద్దున నవ్వుల సంఘం, సాయంత్రం రాజకీయం,
మధ్యాహ్నం మాత్రం ఖాళీ.
ఖాళీగా ఉంది కనకే కానిస్టేబుల్ వచ్చాడు.
"కాహా పాఇఁ బసిఛ?"
ఎవరి కోసం కూర్చున్నావు?

పెద్దాసుపత్రి గడ్డిమీద
ఈ ప్రశ్న ఎవరూ అడగరు.
అక్కడందరూ ఎవరో ఒకరి కోసమే.
పక్కన క్యారేజీ విప్పిన ముసలామె
నాకూ ఓ ముద్ద కలిపి చేతిలో పెట్టి
"మీవాళ్లకి ఏటయిందమ్మా?" అంది.
తినేశాను. అబద్ధం చెప్పలేక
లేచి వచ్చేశాను.
ఆ ముద్ద ఇంకా గొంతులోనే ఉన్నట్టుంటుంది.

ఒంటరి ఆడమనిషి ఊరికే కూర్చోదు కాబోలు.
ప్రేమించి ఉండాలి, తప్పిపోయి ఉండాలి,
కనీసం బస్సైనా రావాలి.

చివరికి భంజవిహార్‌లోనే,
మా క్యాంపస్‌లోనే, కాపలాదారు దండాసి నాహక్
చేతికర్రతో దారి చూపించాడు.
తెలుగూ ఒడియా ఒకే బీడీలో చుట్టి మాట్లాడతాడాయన.
"జీడిమామిళ్లు దాటీసి పో.
తుపానుకి పడ్డ నీలగిరి మొద్దుంటాది.
దాని అవతల పంపుషెడ్డు.
మోటారు లేదు, నీరు లేదు, గొడవా లేదు."

గొడవ లేదు గానీ,
మనిషి ఉంది.
అరుగుకి ఆ చివర, మోకాళ్లమీద గడ్డం ఆన్చుకుని,
పక్కన వేరుశనగ పొట్లం.
ఇద్దరం ఒకరినొకరు చూసి
ఒకే పర్సు దొరికిన ఇద్దరిలా ఆగిపోయాం.
నేను వెనక్కి తిరగబోయాను.
ఆమె కొంచెం
జరిగింది.

అంతే మా ఒప్పందం.
పేర్లు లేవు. ఏ డిపార్టుమెంటో లేదు.
నాలుగు దాటాక ఉప్పుగాలి వచ్చేది,
దూరంగా రైలు
ఎవరినో తిడుతున్నట్టు వెళ్లిపోయేది.
ఎండుటాకుల్లో తొండ పరుగు,
ఆమె వేళ్లమధ్య కాయ చిట్లిన చప్పుడు.
నిశ్శబ్దమంటే చప్పుడు లేకపోవడం అనుకునేదాన్ని.
కాదు,
ఏ చప్పుడూ నన్ను జవాబు అడగకపోవడం.

ఒకసారి ఆమె ఏడ్చింది.
నేను జీడిపూత కేసి చూస్తూ కూర్చున్నాను.
అడగకపోవడం
ఎంత కష్టమో ఆవేళ తెలిసింది.
వెళ్తూ వెళ్తూ నా వైపుకి
పొట్లంలో మిగిలిన గింజలు తోసింది.

మాఘమాసం వెళ్లింది.
ఆమె రావడం లేదు.
పరీక్షలై ఉంటాయి, లేదా చదువే అయిపోయిందేమో,
లేదా ఇంతకంటే మంచి చోటు దొరికి
నాకు చెప్పడానికి పేరు తెలీక ఊరుకుందో.
తొక్కలు కొన్ని ఇంకా గట్టు పగుల్లో ఉన్నాయి.
చీమలు వాటిని వదిలేశాయి.

నిన్న ఇద్దరు కుర్రాళ్లు స్పీకరు పట్టుకొచ్చారు.
"ఇక్కడెవరైనా ఉన్నారా?"
ఆమె చివర నా సంచీ పెట్టాను.
ఉన్నారన్నాను.

చీకటి పడుతుంటే టార్చితో నాహక్ వచ్చాడు.
వెలుగు అరుగు మీద, సంచీ మీద, నా మీద.
"ఇంకా కూర్చున్నావేటమ్మా? ఎవరి కోసం?"

ఇన్నాళ్లకి ఆ ప్రశ్నకి
నా దగ్గర జవాబుంది.
పేరే తెలీదు.