పట్టుబడి

కాటా రాలేదని పీడీ గారు కంగారు పడుతుంటే
రేవు వైపు నుంచి మోపెడ్ మీద
ఒక కుర్రాడు తెచ్చి దింపాడు.
రొయ్యల కంపెనీది.
పళ్ళెం అంచున ఎండి అంటుకున్న మీసం ఒకటి.

నర్సాపురంలో మే నెల. పొద్దున్న ఎనిమిదికే ఉక్క.
మ్యాట్ లేదు, గోదారి ఇసక పరిచి
తడి సున్నంతో గీతలు గీశారు.
ఎనిమిది కాలేజీల నుంచి నలభై ఒక్క మంది.
నా చేతి కాగితంలో ఇద్దరికే చోటు.

టీము వాళ్ళు ఫోన్లో ముందే చెప్పారు:
ఎనభై అయిదు కిలోలు దాటకూడదు,
ఇరవై రెండేళ్ళు దాటకూడదు,
మోకాలికి ఆపరేషన్ గాటు ఉండకూడదు.
మూడోది వినగానే నా ఎడమ మోకాలు
ట్రాక్ ప్యాంటు లోపల
తనలో తను నవ్వుకుంది.

చెప్పులు విప్పి ఒక్కొక్కరూ కాటా ఎక్కారు.
డెబ్బై రెండు. అరవై ఎనిమిది.
ఎనభై అయిదుం పావు, వాడు బనీను తీసేసి
మొలతాడు కూడా తెంపమంటారా అన్నాడు.
ఇక్కడివాళ్ళకి ఈ లెక్క కొత్త కాదు.
చెరువు గట్టు మీదకి కొనేవాడొచ్చి
దోసెడు తీసి తూచి
ముప్ఫై కౌంటా, యాభై కౌంటా
ఒక్క మాటతో నాలుగు నెలల నిద్రకి ధర కట్టేస్తాడు.
ఇవాళ గట్టు మీద నిలబడ్డది నేను.

స్టాప్‌వాచికి ముప్ఫై సెకన్లే తెలుసు,
కూత లోపలి ఊపిరి తెలీదు.
వాసంశెట్టి తేజ కూతకెళ్ళాడు.
పంటకాలవలో నీరుకట్టె మలుపు తిరిగినట్టు
ముగ్గురి మధ్య నుంచి తిరిగొచ్చి
అప్పుడు తీసుకున్నాడు గాలి.
మొదటి పేరు రాయడానికి ఆలోచించలేదు.

రెండోదే.

ఎడమ కార్నర్‌లో కాటా తెచ్చిన కుర్రాడు,
కొల్లాబత్తుల జోయెల్, బీకాం చివరి ఏడు.
రాత్రంతా ఏరేటర్లకి కాపలా కాసిన కళ్ళు, చింతనిప్పులు.
చీలమండ అందితే చాలు, ఉడుం.
అయిదుసార్లు పట్టాడు, అయిదూ పట్టే.
ఆరోసారి
వచ్చినవాడు అడ్డంగా పడ్డాడు,
వీపు మీద ఇద్దరు,
కాలు మాత్రం జోయెల్ చేతుల్లో.
వదిలేశాడు.
పడ్డవాడు పాక్కుంటూ వెళ్ళి చిటికెనవేలితో గీత ముట్టాడు.
మూడు పాయింట్లు.
గోడ మీది పిల్లలు ఈలలు,
పీడీ గారు తలపట్టుకుని, "గెలిచేది వదిలేస్తావేంట్రా!"

నీళ్ళ దగ్గర అడిగాను, ఎందుకని.
"టిక్కుమంది సార్, లోపల."
ఎవరో తలుపు తట్టారన్నట్టు చెప్పాడు.

ఆ చప్పుడు నేనెరుగుదును.
పంతొమ్మిదేళ్ళ కింద తణుకులో
నా కాలు పట్టినవాడూ విన్నాడు.
విజిల్ దాకా వదల్లేదు.
రైల్వేలో ఉద్యోగమొచ్చింది అతనికి.
తప్పు పట్టను. ఆట అదే.
పట్టుకి పాయింటుంది,
విడుపుకి గడి లేదు ఈ కాగితంలో.

కుడి కార్నర్ చిక్కాల భానోజీ,
ఆరింటికి ఆరు పట్లు.
రాశాను. ఫొటో తీసి పంపాను.
రెండు నీలం టిక్కులు పడ్డాయి.
టిక్కు, టిక్కు.

నాలుగైంది. షామియానా విప్పుతున్నారు.
జాబితా చూశాడో, చూడలేదో,
"కాటా పట్టుకెళ్ళాలి సార్,
అయిదింటికి పట్టుబడి ఉంది" అంటూ వచ్చాడు.
ఉండమని, ఎందుకో, బూట్లు విప్పి నేనూ ఎక్కాను.
అంకెలు కాసేపు ఊగి నిలబడ్డాయి.
వాడు అంకెల వైపు చూడలేదు.
మోచేతి కింద చెయ్యి ఆనించి
"మెల్లిగా దిగండి సార్," అన్నాడు,
"ముందు కుడికాలు."